మా బావ పట్టిన లైటు

గ్రూపు ఫోటోల్లో చివర నిలబడ్డవాళ్లు తెగిపోతున్న సంగతి మొదట నేనే చూశాను. పెళ్లిళ్లకు వెళ్లి ఫోటోలు తీయడం మా ఆయన పని. మేనత్త కొడుకు కాబట్టి చిన్నప్పటి నుంచీ బావా అనే పిలిచాను, పెళ్లయ్యాక కూడా ఆ పిలుపు మారలేదు. కల్లూరులో మా చిన్న స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చుని ఆల్బమ్‌లు చేయడం నా పని. తల్లాడలో జరిగిన ఒక పెళ్లి ఫోటోలు చూస్తుంటే పెళ్లికొడుకు పెద్దమ్మ సగమే కనిపించింది. భుజమూ కొంగూ ఉన్నాయి, ముఖం లేదు. ఇంకో ఫోటోలో ఎవరిదో చెయ్యి మాత్రమే పడింది.

"బావా, అంచులు కోస్తున్నవేంది?" అన్నాను.

"జనం ఎక్కువుంటే గట్లనే అయితది" అన్నాడు. కానీ దగ్గరికి వచ్చి చాలాసేపు ఆ ఫోటో వైపు చూశాడు.

ఆ తర్వాత ఒక ఫంక్షన్ హాల్లో పక్కనే ఉన్న లైటు స్టాండుకు తగిలి పడబోయాడు. ఇంట్లో గడప పక్కన పెట్టిన బిందెను తన్నాడు. ఎదురుగా ఉన్న సూదిలో దారం ఎక్కించగలడు, పక్కన కూర్చున్న మనిషిని చూడలేడు. ఖమ్మం తీసుకెళ్లి కళ్ల డాక్టరమ్మకు చూపించాను. ఒక మిషన్ మీద గడ్డం ఆనించి, లోపల వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. బటన్ చప్పుడు ఎప్పుడో ఒకసారి వినిపించేది. మధ్యలో ఆయన, "మొదలైందా మేడం?" అని అడిగాడు. అది మొదలై చాలాసేపయింది.

నీటికాసులు అని చెప్పింది డాక్టరమ్మ. కంట్లో ఒత్తిడి పెరిగి నరం ఎండిపోతుందట, చూపు అంచుల నుంచి లోపలికి తరిగిపోతుందట. పోయినది తిరిగి రాదు, మిగిలినదాన్ని చుక్కల మందుతో కాపాడుకోవాలి అంది. మందు వేళ తప్పకుండా వేశాం. ఆపరేషన్ కూడా చేయించాం. చూపు నిలవలేదు.

ఒకరోజు ఆయన కెమెరా తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

"ఇగ నువ్వే తియ్యాలె."

"నాకేం వస్తది బావా?"

"ఇన్నేండ్ల నుంచి నా ఫోటోల్ల తప్పులు దిద్దుతున్నవ్. నీకు రాకపోతే ఎవలకొస్తది?"

ముందు గదిలో సున్నం గోడకు ఎదురుగా ప్లాస్టిక్ స్టూలు వేసుకుని తానే కూర్చున్నాడు. నా పాఠాలన్నీ ఆయన ముఖం మీదనే జరిగాయి. కెమెరా నెత్తిన ఒక చిన్న డబ్బీ, అది ట్రిగ్గర్. దూరంగా స్టాండు మీద ఫ్లాష్ లైటు, దాని కింద ఇంకో డబ్బీ, అది రిసీవర్. రెండూ ఒకే ఛానల్‌లో ఉండాలి. నేను ఇక్కడ నొక్కితే వైరు లేకుండా అక్కడ లైటు వెలుగుతుంది. మళ్లీ కొట్టడానికి సిద్ధమయ్యాక సన్నగా బీప్ అంటుంది.

"కెమెరా మీద లైటు పెట్టి కొడితే ముఖం గోడకేసిన పిడక లెక్క ఉంటది" అనేవాడు. "లైటు పక్కకు తీస్కపో. ఒక చెంప మీద పడనియ్యి, రెండో చెంప మీద కొంచెం నీడ ఉండనియ్యి. అప్పుడే మనిషి మనిషి లెక్క కనబడతడు."

అలా ఆయన ముఖాన్ని ఒక పక్కా, తర్వాత ఇంకో పక్కా వెలిగించి నేర్చుకున్నాను. ముక్కు పక్కన నీడ ఎంత పొడుగు పడిందని అడిగేవాడు. నేను చెబితే లైటు ఎంత ఎత్తులో ఉందో చెప్పేసేవాడు.

కొన్నాళ్లు ఇద్దరం కలిసి పెళ్లిళ్లకు వెళ్లాం. నేను తీసేదాన్ని, ఆయన పొడవాటి కర్రకు బిగించిన లైటు పట్టుకుని పక్కన నిలబడేవాడు. ఒక కంట్లో కొంచెం చూపు మిగిలి ఉండేది, కాగితాన్ని చుట్టి దానిలోంచి చూసినంత. పొద్దుగూకితే అదీ ఉండేది కాదు. అప్పుడు నా గొంతును బట్టి జరిగేవాడు. "కుడికి రా బావా" అంటే వచ్చేవాడు, "దించు" అంటే దించేవాడు. బీప్ విన్నాక, "తియ్" అనేవాడు. నవ్వించే పని మాత్రం ఎప్పుడూ ఆయనదే. పెళ్లికూతుళ్లు నా మాటకు బిగుసుకుపోయేవాళ్లు, ఆయన మాటకు నవ్వేవాళ్లు. ఆ రోజుల్లో మంచి ఫోటోలు వచ్చాయి. ఇంటికి వచ్చాక ఒక్కొక్కటీ పెద్దది చేసి ఆయన కంటికి దగ్గరగా పెట్టేదాన్ని. ముఖాన్ని ముక్కముక్కలుగా చూసుకుని, "మంచిగొచ్చింది" అనేవాడు.

దుమ్ముగూడెం అవతల ఒక ఊళ్లో మా చర్చి సంఘం వాళ్లకు తెలిసినవాళ్ల పెళ్లికి ఫోటోల పని కుదిరింది. భద్రాచలం దాకా బస్సు, అక్కడి నుంచి గోదావరి పక్కన ఆటో. పొద్దున చర్చిలో పెళ్లి మంచి వెలుతురులో జరిగిపోయింది. సాయంత్రం ఇంటి ముందు షామియానా వేసి, ఎర్ర కుర్చీలు రెండు పెట్టి రిసెప్షన్ చేశారు. బాక్సుల్లో పాటలు మోగుతున్నాయి. మనిషి మాట మనిషికి వినపడటం లేదు.

ఫోటోల మధ్యలో పెళ్లికూతురు లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, మా అమ్మమ్మ లేవలేదు. లోపల మంచం మీదుంది. మమ్మల్ని ఆమె పక్కన కూసోబెట్టి ఒక్క ఫోటో తియ్యవా?"

పెళ్లికొడుకు కూడా లేచాడు. నేను బావ వైపు తిరిగి, "ఈడనే ఉండు, ఇప్పుడే వస్త" అని అరిచాను. ఆయన తల ఊపాడు. విన్నాడనుకున్నాను. బహుశా పాటకు ఊపి ఉంటాడు.

లోపల ముసలమ్మ ఎముకల గూడులా ఉంది. ఆమెకు తెలుగు తక్కువ. వాళ్ల భాషలో మెల్లగా ఏదో అంటే మనవరాలు నాతో చెప్పింది: "పండుకున్నట్టు రావద్దంట అక్కా. కూసున్నట్టు తియ్యమంటుంది." ఇద్దరు ఆడవాళ్లు వెనక నుంచి పట్టుకుని లేపారు. వాళ్ల చేతులు కనబడకుండా చీర సర్దాం. ముసలమ్మ మెడ నిలబడటం లేదు. నిలబడ్డ ప్రతిసారీ ఒకటి తీశాను. ట్యూబులైటు వెలుతురు చాలింది. కెమెరా మీది ట్రిగ్గర్ ఆపాలన్న ఆలోచన ఎవరికీ రాదు, నాకూ రాలేదు. ఆఖరికి ఆమె తల ఎత్తి, మనవరాలి బుగ్గ మీద చెయ్యి వేసి నవ్వింది. అది దొరికింది.

బయటికి వస్తుంటే, పాటకూ పాటకూ మధ్య, నవ్వులు వినిపించాయి. భోజనాల దగ్గరి మనుషులు కొందరు ప్లేట్లు పట్టుకుని ఒకే వైపు చూస్తున్నారు. ఒకతను ఫోన్ ఎత్తి వీడియో తీస్తున్నాడు. ఖాళీ కుర్చీల ముందు మా బావ లైటు ఎత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అమ్మా, గడ్డం కొంచెం పైకి. బాబూ, నువ్ దగ్గరికి జరుగు. పెండ్లయింది కద, ఇంకేం సిగ్గు?" అంటున్నాడు.

నేను లోపల నొక్కిన ప్రతిసారీ గోడ దాటి ఇక్కడ లైటు వెలిగింది. తలకు దగ్గరగా మోగే ఆ బీప్ విని నేను పక్కనే ఉన్నాననుకున్నాడు. అంతసేపూ కుర్చీల్లో లేనివాళ్లను నవ్విస్తూనే ఉన్నాడు.

నేను నొక్కడం ఆపాను కాబట్టి ఆయన ఎదురు చూస్తున్నాడు. "ఏమైంది? ఇంకోటి తియ్" అన్నాడు.

నేను వెళ్లి నా చోట నిలబడ్డాను. కెమెరా ఎత్తి ఆ ఖాళీ కుర్చీలను తీశాను. లైటు వెలిగింది. బీప్ అన్నాక, "అయిపోయింది బావా, దించు" అన్నాను. నవ్వేవాళ్లు నవ్వడం ఆపి భోజనాల వైపు తిరిగారు.

ఆయనకు ఏమీ తెలియకుండా పోతుందనుకున్నాను. తినేటప్పుడు పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ, మంచి మనసుతోనే, "అయ్యో నాయనా, నీకు అస్సలే కనబడదా?" అని అడిగింది. ఆయన చెయ్యి ప్లేట్లో ఆగింది. తర్వాత మళ్లీ కలుపుకుని తిన్నాడు.

మర్నాడు పొద్దున సత్తుపల్లి బస్సులో, రోడ్డుకు రెండు పక్కలా అడవి వెళ్లిపోతుంటే, అడిగాడు.

"నిన్న నువ్వెప్పుడు పోయినవ్ ఆడికెల్లి?"

అబద్ధం చెప్పాలనిపించలేదు. ముసలమ్మ సంగతంతా చెప్పాను.

"సిగ్నల్ మంచిగనే అందింది అయితే" అన్నాడు. కొంత దూరం పోయాక, "నవ్విన్రా?" అన్నాడు.

"ఇద్దరు ముగ్గురు."

"పిల్లలా?"

"పెద్దోళ్లే."

ఆయన తల ఊపి కిటికీ వైపు ముఖం తిప్పుకున్నాడు. వెనక్కి పరుగెత్తే ఆ చెట్లలో ఒక్కటీ ఆయన చూపుకు అందదని నాకు తెలుసు. నేను ఆయన మోకాలి మీద చెయ్యి వేశాను. తీసేయలేదు, పట్టుకోనూ లేదు.

నాతో రానని ఆయన ఏ రోజూ అనలేదు. తర్వాతి పెళ్లికి బ్యాగు సర్దుతుంటే, "స్టాండు తీస్కపో. గాలికి పడకుండ కాళ్ల మీద ఇసుక సంచి పెట్టు" అన్నాడు, అంతే. నేను ఒక్కదాన్నే వెళ్లాను. స్టాండు చెప్పినచోట కదలకుండా ఉంటుంది, పని జరిగిపోయింది. పెళ్లికూతురు మాత్రం ఎంతసేపటికీ నవ్వలేదు. ఏం మాట్లాడాలో నాకు తోచలేదు. ఆయన చెప్పే మాటే ఒకటి నేను చెప్పి చూశాను. ఆ పిల్ల మర్యాదకు పెదవులు కదిపింది. నేను కెమెరా అడ్డం పెట్టుకుని కళ్లు తుడుచుకున్నాను.

ఆయన స్టూడియోలో కూర్చుని వచ్చినవాళ్లతో మాట్లాడేవాడు. మెల్లగా మాటలు తగ్గాయి. ఉన్న ఆ కొంచెం చూపు ఏ రోజు పోయిందో ఆయన చెప్పలేదు. చెంచా వెతుక్కునే తీరు మారడం చూసి నేను అనుమానపడ్డాను, అడగలేకపోయాను.

ఒక వానాకాలం మధ్యాహ్నం, గిరాకీ లేనప్పుడు, ఆయనే అన్నాడు. "ఆ ఫ్లాష్ తీస్కరా. ఫుల్లు పవర్‌ల పెట్టు. నా మొఖం మీదికి కొట్టు."

"ఎందుకు బావా?"

"కొట్టు. ఏం కాదు."

ముందు గదిలో స్టూలు మీద కూర్చున్నాడు. లైటు ఆయనకు ఎదురుగా, చాలా దగ్గరగా పెట్టాను. ట్రిగ్గర్ చేతిలోకి తీసుకుని నొక్కాను. గోడంతా తెల్లబడింది. ఆయన రెప్ప కదల్లేదు. కళ్లు పెద్దగా తెరుచుకునే ఉన్నాయి. బీప్ వినిపించింది.

"కొట్టినవా?"

"కొట్టిన."

"ఇంకోసారి."

మళ్లీ నొక్కాను. ఆయన ముఖం దగ్గర చెయ్యి పెట్టుకుని, ఆ వేడి తగిలిందేమో, చెంప తడుముకున్నాడు. బయట రేకుల మీద వాన పడుతోంది. నేను ఏడుస్తున్నానని ఆయనకు తెలియకూడదని నోరు గట్టిగా మూసుకున్నాను.

"సరే" అన్నాడు. "సెల్లులు తీసి పెట్టు. లోపలనే ఉంచితే కారి లైటు పాడైతది."

నేను మూత తెరిచి సెల్లులు తీశాను. ఆయన చెయ్యి చాపితే, ఆ వెచ్చని సెల్లులు ఆయన అరచేతిలో పోశాను.