మసకబారిన మానిటర్

పరిశోధన కేంద్రంలో నా ఉద్యోగం పేరు సిస్టమ్స్ అడ్మినిస్ట్రేటర్. మా నాన్న మాత్రం అందరికీ "మా పాప అక్కడ కంప్యూటర్లు బాగుసేత్తాది" అని చెప్పేవాడు. మాడుగుల దగ్గర చెరుకు పండించే ఇల్లు మాది. అనకాపల్లి శివార్లలోని ఆ కేంద్రంలో చెరుకు కొత్త రకాల మీద పని జరుగుతుందని తెలిసి ఆయన నాకన్నా ఎక్కువ సంబరపడ్డాడు. సర్వర్ గది చూసుకోవడం, నెట్ పోతే పరిగెత్తడం, పోయిన ఫైళ్లు వెతికివ్వడం, పాస్‌వర్డ్ మరిచిపోయిన సార్లకు కొత్తది పెట్టివ్వడం, ఇదీ నా పని.

ఒక యేడు వానలకు ముందు, కొత్త రకాలను తయారుచేసే సీనియర్ మేడం ఫోన్ చేసింది. యాభై దాటిన మనిషి. చేలోకి దిగాలంటే కూలీల కన్నా ముందుండేది.

"అమ్మా, నా మానిటర్ మసకబారిపోయింది. ఓసారొచ్చి సూడు."

వెళ్లి చూస్తే నాకు బాగానే కనిపించింది. అయినా వెలుగు పెంచి, అక్షరాలు పెద్దవి చేసి వచ్చాను. కొద్దిరోజులకే మళ్లీ పిలిచింది. స్టోర్‌లో ఉన్న కొత్త మానిటర్ తెచ్చి బిగించాను. "ఇప్పుడు బాగుందమ్మా" అంది. ఆ వారంలోనే మళ్లీ ఫోన్. "ఇది కూడా అలాగే ఉంది. కరెంటులోనే ఏదో తేడా."

బల్ల కిందికి దూరి కేబుల్ మార్చి లేచేసరికి, ఆవిడ తెరకు జానెడు దూరంలో మొహం పెట్టి, తల కొంచెం పక్కకు తిప్పి చూస్తోంది. ఎలా అడగాలో తోచక, తెర మీద వేలు పెట్టి, "ఇక్కడేటి రాసుందో ఓసారి చదవండి మేడం" అన్నాను.

ఆవిడ లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది.

"మానిటర్ బాగానే ఉందని నాకు తెలుసమ్మా" అంది. "షుగరు కళ్లకెక్కింది. విశాఖపట్నంలో లేజర్ చేయించుకున్నాను. ఉన్న చూపు నిలబడతాదట, పోయింది రాదట. బతుకంతా చెరుకుతో ఉన్నదాన్ని, షుగరు రాక ఇంకేటొత్తాది?" నవ్వబోయి ఆగిపోయింది. "కొత్త తెర పెడితే కనబడతాదేమోనని ఆశ. ఎవరికీ సెప్పకు. తెలిత్తే చేలో నేను పెట్టిన ట్రయల్స్ ఇంకొకళ్ల చేతిలో పెట్టేత్తారు."

చెప్పనని మాటిచ్చాను. నా సీటు దగ్గరికి వచ్చాక మాత్రం ఏ పనీ తోచలేదు. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఉంటుందని తెలుసు గానీ, ఎన్నడూ వాడి ఎరగను. ముందు నా సిస్టంలోనే వేసుకుని, తెర ఆపేసి, మౌస్ పక్కన పెట్టి కూర్చున్నాను. ఒక్క మెయిల్ తెరవడానికి చెమటలు పట్టాయి. అలా కొన్నాళ్లు నేనే నేర్చుకుని, అప్పుడు ఆవిడ దగ్గరికి వెళ్లాను.

మొదటిరోజే విసుక్కుంది. "ఏటమ్మా ఈ గొంతు? కొత్తగా తెలుగు నేర్సుకున్న దొర మాట్లాడతన్నట్టుంది!"

అది అలవాటయ్యే చిక్కే. అసలు చిక్కు ఆవిడ పట్టికలతో వచ్చింది. ఏళ్ల తరబడి చేసిన ట్రయల్స్ లెక్కల్లో చాలా సంగతులు మాటల్లో కాక రంగుల్లో ఉన్నాయి. గడికి ఎర్ర రంగు వేస్తే ఆ మొక్కకు తెగులు సోకిందని గుర్తు. ఆ గొంతుకు రంగులు తెలియవు. అందుకని భోజనాలయ్యాక ఇద్దరం కూర్చుని, రంగున్న చోటల్లా మాట రాసుకుంటూ వచ్చాం. ఏ రంగు ఎందుకు వేసిందో ఆవిడకు కొట్టినపిండి.

"ఆ పచ్చది ఉందే, తుఫానుకి చేనంతా పడిపోతే ఈ ఒక్క రకమే లేచి నిలబడిందమ్మా" అనేది. ఆ మాటలు చెబుతున్నప్పుడు ఆవిడ మళ్లీ చేలో ఉన్నట్టే ఉండేది.

పట్టికలు ఒక కొలిక్కి వచ్చాయి. ట్రయల్స్ ఫలితాలు చెప్పాల్సిన సమీక్ష సమావేశం దగ్గరపడింది. "ఎన్నాళ్లని దాత్తారు మేడం? మీరే సెప్పేయండి" అన్నాను. ఆవిడ మాట మార్చి, అక్కడ అడగబోయే ప్రశ్నలకు సాధన చేద్దామంది.

సమావేశం రోజు ప్రొజెక్టర్ దగ్గర నేనే ఉన్నాను. ఆవిడ వేదికెక్కి, ల్యాప్‌టాప్ తెరిచి, ఒక చెవికి ఇయర్‌ఫోన్ పెట్టుకుని, మైకు సర్దుకుంది.

"నాకు చూపు తగ్గింది. లెక్కలు విని చెబుతాను. మధ్యలో ఆగితే కాస్త ఓపిక పట్టండి" అంది.

ఆవిడ మొదలుపెట్టింది, తడబడకుండా సాగింది. చివర్లో ముందు వరసలోని ఒకాయన లేచి, నరికిన మోళ్ల నుంచి మళ్లీ లేచిన తోటలో ఈ రకం దిగుబడి ఎంతని అడిగాడు. మేమిద్దరం సాధన చేసినవాటిలో ఆ ప్రశ్న లేదు. ఆవిడ వేళ్లు కీబోర్డు మీద గబగబా కదిలాయి. తల వంచి విని, అంకె చెప్పి, "ఇది మంచి నేలలో. చవుడు నేలలో ఇంత రాదు" అని కూడా కలిపింది. ఆయన రాసుకుని కూర్చున్నాడు.

బయటికి వచ్చాక డైరెక్టర్ సార్ నన్ను పిలిచి, మిగతా విభాగాల పట్టికలు కూడా అలా వినేలా మార్చడానికి వీలవుతుందా అని అడిగారు. మేడం ట్రయల్స్ మేడం దగ్గరే ఉండిపోయాయి. చేలో కొలతలు చదివిపెట్టడానికి ఒక మనిషిని ఇచ్చారు.

ఇప్పుడు ఆవిడ ఆ గొంతు వేగాన్ని ఎంత పెంచేసిందంటే, పక్కన నిలబడితే నాకు ఒక్క ముక్క అర్థం కాదు. మొన్న ఏదో ఫైలు కోసం ఆవిడ గదికి వెళ్లి, తెర మీద ఒక్కో వరసా కిందికి చూసుకుంటూ వెతుకుతున్నాను. ఆవిడ ఈలోగా విని, పట్టేసి, కుర్చీలో వెనక్కి వాలింది.

"ఇంకా కళ్లతోనే చదువుతన్నావేటమ్మా? ఎప్పటికి తెముల్తావు?" అని నవ్వింది.