కాంటా మీద మా ఆయన

ఎనభైల మొదట్లో మా ఆయనకు కిడ్నీ జబ్బు చేసి ఒళ్లంతా నీరు పట్టింది. పొద్దున్నే కళ్లు తెరుచుకునేవి కావు. కాలు మీద వేలితో నొక్కితే గుంట పడేది. వరంగల్‌లో ఒక దవాఖాన డాక్టర్లు కొత్త మాత్రల మీద పరిశోధన చేస్తున్నామని, ఇష్టముంటే చేరమని అడిగారు. ప్రాణం మీదికొచ్చినవాడికి ఇష్టమేమిటి? చేరాడు.

వారం వారం వెళ్లేవాళ్లం. ఎంత రక్తం ఇచ్చాడో, ఎన్ని సీసాల మూత్రం మోశాడో. ఉప్పు లేని కూడు తిన్నాడు. అబద్ధమెందుకు, మాత్రలు పనిచేశాయి. నీరు తీసి బరువు తగ్గినప్పుడల్లా డాక్టర్ ఆయన భుజం తట్టేవాడు.

మా అత్త మాత్రం ఏడ్చేది. కొడుకు బాగైతే అతని బరువంత బెల్లం మేడారంలో సమ్మక్కకు ఇస్తానని ఆమె మొక్కుకుంది. అక్కడ బెల్లాన్ని బంగారమంటారు.

"దవాఖానోళ్లు నా కొడుకును పీల్చి పిప్పి చేస్తాండ్రు. మొక్కిననాడు ఎట్లుండె, ఇప్పుడెట్లయిండు!"

అది నీరు పోయిన సన్నదనమని చెప్తే నన్నే కసిరేది.

ఒకరోజు డాక్టర్ నవ్వుతూ ఎదురొచ్చాడు. "మా స్టడీ అయిపోయిందమ్మా. రిజల్ట్స్ మంచిగొచ్చినయ్."

"మరి మాత్రలు, సారూ?"

"అవి ఇంక ఇయ్యరు. బజార్ల దొరకాలంటే టైం పడ్తది."

కూరలో కరివేపాకులా తీసి పారేశారు. ఆ నవ్వును నేనిప్పటికీ క్షమించలేదు. టైం నిజంగానే పట్టింది. ఆ మాత్రలు మందుల దుకాణాల్లోకి వచ్చేనాటికి మా ఆయన పోయి ఏళ్లయింది.

మాత్రలు ఆగిన కొన్నాళ్లకే నీరు మళ్లీ పట్టింది. అంతలో జాతర వచ్చింది. హన్మకొండలో బెల్లం దుకాణం ముందు పెద్ద కాంటాలో ఒకవైపు ఆయనను కూర్చోబెట్టి, రెండో వైపు బెల్లం ముద్దలు వేయడం మొదలుపెట్టారు. ఎన్ని వేసినా ఆయన కూర్చున్న వైపు పైకి లేవలేదు. అత్త మొహం వెలిగిపోయింది.

"సూసినవా బిడ్డా, మల్ల నిండుగైండు! దవాఖాన మానినంకనే నా కొడుకు బాగైండు. అంతా తల్లి దయ."

చుట్టూ ఉన్నవాళ్లు దండం పెట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. నోరు తెరవబోయాను. ఆయన ఉబ్బిన రెప్పల సందులోంచి నన్ను చూశాడు.

"అమ్మకు చెప్పకు" అన్నాడు మెల్లగా.

చెప్పలేదు. దుకాణదారు ఇంకో ముద్ద తెమ్మని లోపలికి కేకేశాడు.