రెండు లైన్లు, ఒకే స్తంభం

మొజంజాహీ మార్కెట్ దగ్గర వాన వెలిసి, తడి గాలిలో సీతాఫలాల వాసన నిలిచిపోయిన సాయంత్రాల్లో నాకు తెలియకుండానే తల పైకి లేస్తుంది. స్తంభాల మీద చిక్కుపడ్డ నల్లటి కేబుళ్లు, వాటి నుంచి రాలే చుక్కలు, పైన మెల్లగా కదిలే మబ్బు. చూస్తూ చూస్తూ ఎక్కడికి బయల్దేరానో మరిచిపోతాను. ఈ పిచ్చి నాకు అంటించింది యాదగిరి సార్.

ఆబిడ్స్‌లో ఒక రక్తపరీక్షల ల్యాబు హెడ్డాఫీసులో ఆయన నెట్‌వర్క్ ఇన్‌చార్జి, నేను కొత్తగా చేరిన ఇంజనీరుని. బ్రాంచీలన్నింటినీ ఎస్‌డీ-వ్యాన్ అనే నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్‌తో హెడ్డాఫీసుకి కలుపుతున్న రోజులవి. బ్రాంచీకి రెండు మామూలు ఇంటర్నెట్ లైన్లు తీసుకుంటాం. వాటి మీదే బయటివాళ్లు తొంగిచూడలేని, తాళం వేసిన దారి ఒకటి పడుతుంది. ఒక లైను నీరసిస్తే సాఫ్ట్‌వేరే రిపోర్టులను రెండోదాని మీదికి మళ్లిస్తుంది. ఇంత సులువు పనికి కూడా సార్ ముందు ఆ గల్లీ అంతా మెడ పైకెత్తి, గాలిలో వేలితో తీగ వెంట గీత గీస్తూ నడిచేవారు. తెగిన గాలిపటం కోసం వెతుకుతున్నాడనుకునేవాళ్లు జనం. నేనూ లోలోపల నవ్వుకునేదాన్ని.

బేగంబజార్ బ్రాంచీ నాకే అప్పగించారు. రెండు వేర్వేరు కంపెనీల లైన్లు పెట్టించాను. తెర మీద రెండు పచ్చ చుక్కలు వెలిగాయి.

"గల్లీ తిరిగి చూసినవా?" అన్నారు సార్.

"చూసిన సార్."

చూడలేదు.

నాలుగో రోజు పొద్దున సామాన్ల లారీ ఒకటి స్తంభానికి తగిలింది. రెండు చుక్కలూ ఒకేసారి ఆరిపోయాయి. కంపెనీలు రెండైనా తీగలు రెండూ ఆ ఒక్క స్తంభం మీదుగానే వచ్చాయి. అప్పుడు ఆ బ్రాంచీలో, డెంగీతో దవాఖానలో ఉన్న కూతురి రిపోర్టు కోసం ఒకామె కూర్చుని ఉంది. హెడ్డాఫీసులో డాక్టరమ్మ చూసి సంతకం పెడితే తప్ప అది చేతికి రాదు. సార్ స్కూటర్ మీద వెళ్లి, యంత్రం ఇచ్చిన కాగితం తెచ్చి, సంతకం పెట్టించి, నన్ను వెనక ఎక్కించుకుని మళ్లీ అక్కడికి చేరేసరికి గంటన్నర గడిచింది. స్తంభం కింద స్కూటర్ ఆపి సార్ పైకి చూశారు.

"తప్పయింది సార్. నేను చూడలే," అన్నాను.

"నాకెందుకు చెప్తవ్ బిడ్డా? లోపల కూసున్నామెకు చెప్పు."

చెప్పాను. ఆమె తిట్టలేదు. కాగితం కొంగులో దాచుకుంటూ, "గంటన్నర సంది గీ తలుపు దిక్కే చూస్తున్న. మీరు గా తీగ దిక్కు ఒక్కసారి చూడకపోతిరి," అంది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ పిల్ల కోలుకుందని వారం తర్వాత సారే కనుక్కుని చెప్పారు. నా ఉద్యోగం పోలేదు. ఆ బ్రాంచీకి రెండో లైను ఇప్పుడు తీగ లేకుండా, సిమ్ మీద గాలిలోంచే వస్తుంది.

సార్ పోయి రెండేళ్లు. ఆయన కుర్చీలో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. కొత్త బ్రాంచీ కలిపి, తెర మీద రెండు పచ్చ చుక్కలు వెలిగాయంటే చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొడతారు. నేను మాత్రం లేచి చెప్పులు వేసుకుంటాను.