ఖాళీ గురిగితో మందిరానికి వెళ్లిన ఆదివారం

ఆ శ్రావణ మాసంలో నా మనుమరాలు ఏడవడం మానేసింది. పుట్టి అయిదు నెలలు, అంతకుముందు ఆకలేస్తే గూడెమంతా వినపడేలా ఏడ్చే పిల్ల, ఉయ్యాలలో కళ్లు తెరుచుకుని ఊరికే చూరు వైపు చూస్తూ పడి ఉండేది, చెంపలు లోపలికి పోయి ముసలిదాని ముఖం వచ్చేసింది. సహోదరులారా, ఏడుస్తుంటే విసుక్కున్న నేనే, ఒక్కసారి ఏడిస్తే చాలు ప్రభువా అని ఆ ఉయ్యాల దగ్గర కూర్చుని ఎదురుచూశాను.

నా పేరు ఎస్తేరమ్మ, మీలో పెద్దవాళ్లకు నేనెవరో చెప్పనక్కరలేదు, నా నోరు ఎటువంటిదో అంతకన్నా చెప్పనక్కరలేదు. షామీర్‌పేట చెరువుకు ఇవతల మా గూడెం. మా ఆయన ప్రభువు దగ్గరికి వెళ్లిపోయి అప్పటికే చాలా ఏళ్లు. ఒక్కడే కొడుకు దావీదు, రైలు పట్టాల గ్యాంగులో పని, శనివారం పొద్దుగూకేసరికి వచ్చి సోమవారం తెల్లవారగానే వెళ్లిపోయేవాడు. కాబట్టి వారమంతా ఇంట్లో మేము ముగ్గురమే, నేను, నా కోడలు సుగుణ, ఆ పసిపిల్ల.

మన సంఘంలో ఇప్పటికీ ఉన్న అలవాటే, కొత్తగా వచ్చినవాళ్ల కోసం చెబుతాను. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ, వండబోయే గింజల్లోంచి ముందుగా ఒక పిడికెడు తీసి దేవుని కోసం ఒక గురిగిలో, అంటే చిన్న మట్టికుండలో, వేస్తాం. నెలకు ఒక ఆదివారం ఆ గురిగి మందిరానికి తెచ్చి, ముందర పరిచిన చాప మీద కుమ్మరిస్తాం. బియ్యం తినేవాళ్లు బియ్యం, మాలాంటివాళ్లు జొన్నలు. నా గురిగి ఎప్పుడూ అంచుదాకా నిండి ఉండేది. అప్పటి ఉపదేశిగారు, ఆయన ఇప్పుడు లేరు, దాన్ని రెండు చేతులతో ఎత్తి, "గిది మా ఎస్తేరమ్మ గురిగి. విధవరాలు అయ్యుండి జూడున్రి ఎంత తెచ్చిందో" అని అందరికీ చూపించేవారు. ఆ తరువాత నన్నే ప్రార్థన చేయమనేవారు. నేను మొదలుపెట్టానంటే ఆకాశమును భూమిని సృజించినది మొదలు చెప్పుకుంటూ వచ్చేసరికి వెనక వరుసలో పిల్లలు నిద్రపోయేవారు. ఉన్నదంతా కానుక పెట్టెలో వేసిన ఆ పేద విధవరాలి సంగతి మీకందరికీ తెలుసు కదా, ఆ వాక్యం చదివినప్పుడల్లా నా గురించే చదువుతున్నారని లోపల అనుకునేదాన్ని. పైన పటారం, లోన లొటారం.

యుద్ధం జరుగుతున్న ఆ కాలం ఎలా ఉండేదో మీకు తెలుసు. సర్కారువాళ్లు లెవీ అని రైతుల దగ్గర గింజలు తీసుకుపోయారు, రైతులకే లేకపోతే కూలికి పోయిన మాకేం పెడతారు? రోజంతా కలుపు తీస్తే కొంగులో పడే గింజలు సగానికి వచ్చాయి. గూడెంలో అందరి గురిగులూ తగ్గిపోయాయి, కొందరు తేవడమే మానేశారు. నాది మాత్రం తగ్గలేదు. ఎలా తగ్గలేదో చెప్పడానికే ఇవాళ ఇక్కడ నిలబడ్డాను.

మా ఇంట్లో గరిటె నా చేతిలో ఉండేది. ఎవరికి ఎంత పెట్టాలో నాదే పెత్తనం. నేను ఎండలో కూలికి పోయి వచ్చేదాన్ని కాబట్టి గట్టి గట్క, అంటే ముద్దగా ఉడికిన జొన్న సంకటి, నాకు. కోడలు పసిపిల్లతో ఇంట్లోనే ఉంది కదా అని, పిడికెడు తీసిన తరువాత మిగిలినదాంట్లో నీళ్లు ఎక్కువ పోసి పలచగా కాచి ఆమెకు పోసేదాన్ని. అడిగినవాళ్లకు బాలింత పత్యం అని చెప్పేదాన్ని. అయిదో నెలలో పత్యమేమిటని అడిగే ధైర్యం మా గూడెంలో ఎవరికుంది? సుగుణ గురించి చెప్పాలంటే, తల్లి లేకుండా పెరిగిన పిల్ల, అరిచినా మాట్లాడదు, పెట్టినా మాట్లాడదు, పెట్టకపోయినా మాట్లాడదు. శనివారం కొడుకు వస్తే ఆ పూట మాత్రం అందరికీ సమంగా వడ్డించేదాన్ని. చూడండి, ఆ ఇంగితం మాత్రం నాకు బాగానే ఉంది!

పిల్ల తగ్గిపోతూ వచ్చింది. నేనేం చేశాను? ప్రార్థన చేశాను. మోకాళ్లు కాయలు కాసేలా చేశాను. "పరలోకమందున్న మహోన్నతుడా, నీ దాసురాలి ఇంటిమీదికి వచ్చిన ఈ చీకటి శక్తిని గద్దించుము, నా నమ్మకమైన కానుకలను జ్ఞాపకము చేసుకొనుము" అని చేశాను. అది చాలదని సుగుణను ఎదుట కూర్చోబెట్టి, "నీలో ఏదో పాపమున్నది, గందుకే గిట్లయితాంది, ఒప్పుకో" అన్నాను. ఆ పిల్ల నేలకేసి చూస్తూ, "ఏం ఒప్పుకోవాల్నో ఎరుకలేదత్తమ్మా, నువ్వు జెప్పు, ఒప్పుకుంట" అంది. అంతటితో ఆగానా? బిడ్డ కోసం ఇంటిల్లిపాదీ మూడు దినాలు ఉపవాసమన్నాను. పాలిచ్చే తల్లిని, సహోదరీలారా, పాలిచ్చే తల్లిని ఉపవాసం ఉండమన్నాను. 

రెండో దినం పొద్దున ఖాసీంబీ వచ్చింది. మా ఊరి సాయిబుల ఇంటి మంత్రసాని, ఈ పిల్లను నేల మీదికి దింపింది కూడా ఆమె చేతులే. నేను పిలవలేదు, బావి దగ్గర ఎవరో చెబితే తనే వచ్చింది. పిల్లను ఒళ్లో వేసుకుని, నాలుక చూసింది, తొడలు నొక్కి చూసింది. తరువాత సుగుణ చెయ్యి పట్టుకుని చూసింది, ఆ చేతికి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

"ఎస్తేరక్కా, బచ్చీకి ఏం బీమారీ లేదు," అంది. "పాలు లేవు. దీని తల్లికి బువ్వ పెడ్తున్నవా నువ్వు?"

"పత్యం నడుస్తాంది, ఖాసీంబీ. గదీగాక ఉపాసముంటున్నం" అన్నాను.

ఆమె లేచి మూలకు వెళ్లి గురిగి మీది మూకుడు తీసి చూసింది. ఆదివారం దగ్గరపడింది, గురిగి అంచుదాకా ఉంది.

"గివి ఎవ్వరియి?"

"దేవునియి. ముట్టకు."

ఖాసీంబీ నెమ్మదిగా మూకుడు మళ్లీ పెట్టేసింది. "అల్లాకు ఆకలి గాదక్కా," అంది. "గీ పిల్లకైతాంది." అంతే అని, చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

నాకు మొదట వచ్చింది కోపమే, దాచడమెందుకు. మన మతం కాని మనిషి మన దేవుని కానుక గురించి చెప్పడమేమిటని వాకిట్లోకి వచ్చి రెండు మాటలు అనబోయాను, ఆమె అప్పటికే మలుపు తిరిగిపోయింది. లోపలికి వచ్చి మోకరించాను. నోరు తెరిచాను. ఆకాశము భూమి అన్నీ ఎటో పోయాయి. కళ్లు తెరిస్తే ఎదురుగా గురిగి, దాని పక్కన గోడకు ఆనుకుని సుగుణ, ఒళ్లో పిల్ల ఎండిన రొమ్మును నోట్లో పెట్టుకుని చప్పరించే ఓపిక లేక అలాగే ఉంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు అంటారే, మా ఇంట్లో కోడలి కూడు అత్త దానం చేసింది. ఆ విధవరాలు తన జీవనమంతా తెచ్చి ఇచ్చింది, నేను నా కోడలి జీవనం తెచ్చి ఇచ్చి పేరు మాత్రం నా పేరు పెట్టుకున్నాను. అప్పుడు నా నోట వచ్చిన ప్రార్థన ఇంతే: "ప్రభువా, నేను నీకేం పెట్టలే. దీని కంచంల కెల్లి తీసి నీ ముందట పోసిన. నన్ను క్షమించు. పిల్లను బతికియ్యి."

లేచి గురిగి వంచాను. ఆ జొన్నలు తిరగలిలో విసిరి, గట్టిగా గట్క వండి, నాలుగు ఎల్లిగడ్డలు దంచి కారం చేసి, కంచం నిండా పెట్టి సుగుణ ముందు ఉంచాను. ఆ పిల్ల దాన్ని ముట్టలేదు. భయంతో నా ముఖం చూసి, "అత్తమ్మా, దేవుని గింజలు గదా" అంది. ఆ మాట నన్ను చెంపమీద కొట్టింది. నా నోటితో నేనే నేర్పిన భయం అది. "దేవుడే పెట్టమన్నడు, తిను బిడ్డా" అని ముద్ద కలిపి నోట్లో పెట్టాను. పెళ్లయి వచ్చిన మూడేళ్లలో ఆమెను బిడ్డా అని పిలవడం అదే మొదలు. కళ్ల నీళ్లు కారుతుంటే తింది, నేనూ ఏడుస్తూనే పెట్టాను.

పాలు ఒక్క పూటలో పడతాయా? ఖాసీంబీని బతిమాలి పిలుచుకొచ్చాను, ఆమె మేకపాలు తెచ్చి దూదితో పిల్ల నోట్లో పిండింది. పూటపూటకూ గురిగిలోంచే తీసి వండాను. నాలుగో దినం మధ్యాహ్నం నేను పొయ్యి ఊదుతుంటే ఉయ్యాలలోంచి ఏడుపు వినిపించింది, మొదట సన్నగా, తరువాత గూడెమంతా వినపడేలా. ఊదుడుగొట్టం కింద పడేసి పరుగెత్తాను. దేవునికే మహిమ, అంత మంచి పాట నేను ఏ మందిరంలోనూ వినలేదు.

కానీ సహోదరులారా, ఇల్లు అలకగానే పండుగ కాదు. ఆదివారం వచ్చింది, గురిగిలో గింజ లేదు. ఒంట్లో బాగాలేదని ఇంట్లో ఉండిపోదామా అనుకున్నాను. అడుగున ఇసుక పోసి పైన అరువు తెచ్చిన రెండు పిడికెళ్లు జొన్నలు పరుద్దామా అని కూడా అనుకున్నాను, చూడండి, క్షమాపణ అడిగి వారం కాలేదు, బుద్ధి ఎటు పోతుందో. షామీర్‌పేట నుంచి మేడ్చల్‌లోని ఈ మందిరం దాకా నడిచిన దారంతా ఆ గురిగిని కొంగు చాటున పెట్టుకుని నడిచాను. నిండినప్పుడు నెత్తిమీద పెట్టుకుని అందరికీ కనపడేలా వచ్చినదాన్ని.

నా వరుస వచ్చింది. ఉపదేశిగారు అలవాటుగా రెండు చేతులూ చాచారు. గురిగి తేలిగ్గా ఉండేసరికి ఆయన చేతులు పైకి లేచాయి. లోపలికి చూసి, నా ముఖం చూశారు. నేను అప్పటి సంఘం వైపు తిరిగి, జరిగినదంతా చెప్పాను, పత్యమని అబద్ధమాడిన సంగతి, ఉపవాసం సంగతి, ఏదీ మిగల్చకుండా. నా కొడుకు అక్కడే కూర్చుని విన్నాడు, వాడికి అప్పటిదాకా తెలియదు. తల పైకెత్తలేదు. ఎవరైనా నాలుగు తిట్లు తిడితే బాగుండుననిపించింది, ఎవరూ తిట్టలేదు. ఉపదేశిగారు చాప మీది కుప్పలోంచి దోసిళ్లతో తీసి నా గురిగిలో పోశారు. "ఎస్తేరమ్మా, నెల నెల నీ గురిగి ఎత్తి సూపెట్టింది నేనే. గిండ్ల నా తప్పు గూడ ఉన్నది. గివి తీస్కపోయి తల్లికి పెట్టు" అన్నారు. ఇచ్చేదాన్నని పేరు పొందినదాన్ని ఆ రోజు పుచ్చుకుని ఇంటికి వెళ్లాను. ఇవ్వడం కన్నా పుచ్చుకోవడం నాకు కష్టమైంది.

ఆ సాయంత్రమే గరిటె సుగుణ చేతికిచ్చాను. ఇగ నువ్వే వడ్డించాలని చెప్పాను. నాకెంత పెడుతుందో చూద్దామని కంచం ముందు కూర్చున్నాను, ఆమె పలచగా పోసి చేతికిచ్చినా నోరెత్తే హక్కు నాకు లేదు. ఆ పిల్ల నాకు గట్టి గట్క పెట్టి, అడుగున ఉన్న పలచనిది తన కంచంలో పోసుకుంది. నేను రెండు కంచాలూ కలిపేసి, మళ్లీ రెండుగా పంచాను. నా కొడుకు నాతో సరిగ్గా మాట్లాడటానికి దాదాపు ఏడాది పట్టింది, అది న్యాయమే. నా నోరు కూడా ఒక్కరోజులో మారలేదు, ఇప్పటికీ అప్పుడప్పుడు జారుతుంది, జారినప్పుడు పొయ్యి దగ్గరికి వెళ్లి, తప్పయింది బిడ్డా అని చెప్పి వస్తాను. మందిరంలో గంట సేపు ప్రార్థించడం నాకు సులువు, ఈ నాలుగు అడుగులు వేయడమే కష్టం. భక్తి పెరగడమంటే అందులోనే పెరగాలని ప్రభువు నాకు నేర్పుతున్నాడు, నెమ్మదిగా నేర్చుకుంటున్నాను.

అదుగో, ఆ మూల స్తంభం దగ్గర కాళ్లు ఊపుతూ కూర్చున్నదే, అదే నా మనుమరాలు కృపమ్మ. ఇప్పుడు ఆరేళ్లది, నోరు నాదే వచ్చిందని అందరూ నవ్వుతారు. ఇప్పుడు మా ఇంట్లో దేవుని పిడికెడు వేసేది అదే. వేసేముందు అడగమని మేమెవరమూ నేర్పలేదు, తన కథ విని తనే పెట్టుకుంది ఆ అలవాటు. పిడికిట్లో గింజలు పట్టుకుని గురిగి మీద చెయ్యి పెట్టి, సుగుణ వైపు తిరిగి అడుగుతుంది: "అమ్మా, పొద్దుగాల నువ్వు తిన్నవా?" తిన్నాను అంటేనే పిడికిలి విప్పుతుంది. లేదంటే ఆ గింజలు ఎసట్లోకి వెళతాయి.

ఇవాళ నేను తెచ్చిన గురిగి సగమే ఉంది, చిన్నపిల్ల పిడికిలి కదా. దాన్ని ఎత్తి చూపించవద్దని ఇప్పటి ఉపదేశిగారికి ముందే చెప్పుకున్నాను. సహోదరులారా, సహోదరీలారా, ప్రభువును నమ్మండి, మన గురిగి ఖాళీగా ఉన్నా ఆయన మనల్ని తోసెయ్యడు, నన్ను తోసెయ్యలేదు. ఆయనకు మాత్రమే స్తోత్రం. ఇవాళ ఇంటికి వెళ్లి మీరు పిడికిలి నింపినప్పుడు, గురిగి మూకుడు తీసేముందు ఒక్కసారి వెనక్కి తిరిగి, మీ పొయ్యి దగ్గర ఆఖరున తినే మనిషి ఎవరో చూసి, ఆమెను అడగండి.