మూడు ఊళ్ళకూ సమదూరంలో

నాపరాతి బండ మీద సర్వే గొలుసును ఈడ్చుకుపోతే ఒక చప్పుడు వస్తుంది. మెత్తటి నేల మీద రాదు, ఇసుక మీద రాదు. ఇనుప లింకులు ఒక్కొక్కటే రాతిని గీరుకుంటూ, ఎవరో నిద్రలో పళ్ళు కొరుకుతున్నట్టు వినిపిస్తుంది. నిన్న ఉదయం గురజాల దగ్గర ఒక రోడ్డు పనికి కొలతలు తీయిస్తుంటే గొలుసు మనిషి దాన్ని ఎత్తి పట్టుకోకుండా బండ మీద ఈడ్చాడు. ఎత్తమని చెప్పబోయి ఆగిపోయాను. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి వేసవీ, హుస్సేన్ సాహెబు మామా నా ముందుకు వచ్చి నిలబడ్డారు. ఆయన గురించి రాయాలని చాలాసార్లు కూర్చుని, ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చుకోలేక లేచిపోయాను. ఇక తేల్చుకునేదేమీ లేదు. కొలతతోనే మొదలుపెడతాను.

ఆయన సర్వే శాఖలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి, రిటైరై మాచర్లలో మా పక్కింట్లో ఉండేవాడు. నేను మద్రాసులో ఓవర్సీరు పరీక్ష ప్యాసై వచ్చిన కొత్త. నాకు లెక్కలు బాగా వచ్చు, నేల తెలియదు. పల్నాడులో ఆయన కాలు పెట్టని పొలిమేర లేదు. మొదటిసారి నాచేత ఒక పొలం సరిహద్దు గెట్టు కొలిపించి, నేను చెప్పిన అంకె విని, "మళ్ళీ కొలువు" అన్నాడు. కొలిచాను. అదే అంకె వచ్చింది. "మళ్ళీ" అన్నాడు. మూడోసారీ అదే వచ్చేసరికి నాకు కోపం వచ్చింది. "అంకెలో తప్పేముంది మామా?" అని అడిగాను. "అంకెలో ఏం లేదురా అబ్బాయ్. ఆ గెట్టుకి అవతల ఒక ముసలాయన నిలబడి మూడుసార్లూ చూశాడు, చూశావా? ఇప్పుడు నమ్ముతాడు" అన్నాడు. నేను ఆ ముసలాయన్ని చూడనేలేదు.

ఇక తగాదా సంగతి. ఊళ్ళ పేర్లు రాయను, అక్కడ ఇంకా మనుషులు బతకాలి. పై ఊరు, కింది ఊరు అంటాను. రెండింటి నడుమ వాగు ఒడ్డున ఇరవై రెండిళ్ళ గూడెం ఉండేది. వాగుకు అడ్డకట్ట వేసే హక్కు ఎవరిదన్న గొడవలో పై ఊరి మనిషొకడు, కింది ఊరి మనిషొకడు, గూడెం మనిషొకడు చనిపోయారు. ఆ తర్వాత గూడెం తగలబడింది. నిప్పు పెట్టింది వాళ్ళేనని రెండూళ్ళూ ఒకరినొకరు చూపించుకున్నాయి. గూడెం వాళ్ళు పారిపోయి వచ్చి మాచర్ల స్టేషను గోదాము పక్కన గోనె పట్టాలు కట్టుకున్నారు. చనిపోయిన గూడెం మనిషి భార్య గురవమ్మ ఒకరోజు సాహెబు మామ గుమ్మంలో కూర్చుంది. "సాయిబన్నా, నాకు వాళ్ళ చావులూ వద్దు, నా మొగుడి చావూ వద్దు. తొలకరి పడేలోపు మా నేలలోకి మమ్మల్ని పోనిస్తే చాలు. ఈ ఏడు విత్తనం పడకపోతే ఆ నేల మాది కాదు" అంది. ఆయన అదే రోజు బయలుదేరాడు. నన్ను కూడా రమ్మన్నాడు, రాయడానికి.

మొదటి గొడవ ఎక్కడ కూర్చోవాలన్నది. పై ఊరి పెద్ద వెంకయ్య, "ఏంది సాయిబూ, మావాణ్ణి నరికిన చావిడికాడికే పోయి కూసోమంటావా?" అన్నాడు. కింది ఊరి పెద్ద రాఘవయ్య దాదాపు అవే మాటలు అన్నాడు. మాచర్లలో వద్దని ఒకరు, ఎందుకంటే అక్కడ రెండోవారి వియ్యంకులు ఉన్నారు. స్కూలు వద్దని ఇంకొకరు, ఎందుకంటే పంతులు వెంకయ్యకు దూరపు చుట్టం. అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. అది తట్టినందుకు నేను చాలా గర్వపడ్డాను. రెండూళ్ళూ గూడెమూ మూడు చుక్కలనుకుని త్రిభుజం గీస్తే, దాని రెండు భుజాల నడిమిలో లంబాలు గీసినప్పుడు అవి కలిసే చోటు ముగ్గురికీ సమదూరం. ఎవరూ ఎక్కువ నడవరు, ఎవరూ తక్కువ నడవరు. మామ నా కాగితాన్ని చాలాసేపు చూసి, "నువ్వే కొలువు" అన్నాడు. నాలుగు రోజులు కొలిచాను. ఆ చోటు ఒక నాపరాతి బండ మీద పడింది. చెట్టు లేదు, నీడ లేదు, పావుమైలు దూరంలో నీళ్ళు లేవు. అయినా మూడు వర్గాలూ ఒప్పుకున్నాయి. అది ఎవరికీ మంచిచోటు కాదు, అందుకని.

ఆ బండ మీద పదకొండు ఉదయాలు కూర్చున్నాం. నా ఫీల్డు బుక్కులో ఒకవైపు పేజీలు కొలతలకు, రెండోవైపు పేజీలు మాటలకు. తేలిన నియమాలకు అంకెలు వేశాను. ఎవరి నీళ్ళకుండ వాళ్ళు తెచ్చుకోవాలి. మంచాలు వద్దు, అందరూ బండ మీదే. సాహెబు సర్వే కర్రతో బండ మీద కొట్టినప్పుడు అందరూ ఒక్కసారే కూర్చోవాలి, ఒక్కసారే లేవాలి. ఆకు వక్క మూడు విస్తళ్ళలో పెట్టి, మూడూ ఒకేసారి జరపాలి. కర్రలు, బల్లేలు వంద అడుగుల అవతల పెట్టాలి.

ఈ చివరి నియమానికే ఒక పూటంతా పట్టింది. కింది ఊరి పుల్లయ్య తాత చేతికర్ర ఆయుధమా కాదా అన్నది ప్రశ్న.

"చేతికర్ర తీసేస్తే తాత పడతాడు" అన్నాడు రాఘవయ్య.

"పడితే మేం పట్టుకుంటాంలే" అన్నాడు వెంకయ్య.

"మీరు పట్టుకుంటే ఇంక లేవడు."

పుల్లయ్య తాతకే నవ్వొచ్చింది. ఆ పదకొండు రోజుల్లో రెండు వైపులా కలిసి నవ్వింది అప్పుడొక్కసారే. ఆఖరికి సాహెబు మామ తాతను తన పక్కన కూర్చోబెట్టుకుని, ఆ కర్రను తన ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎండ నెత్తికెక్కింది. ఇళ్ళకు పోయాం.

అన్నిటికంటే పెద్ద గొడవ గూడేనికి మాట్లాడే వంతు ఉందా లేదా అన్నది. "వాళ్ళు మా మనుషులు, వాళ్ళ మాట మేం చెప్తాం" అన్నాడు వెంకయ్య. "మీ మనుషులెట్టా అయ్యారు? మా పొలాల్లో కూలికొచ్చేవాళ్ళు, మేమే చెప్తాం" అన్నాడు రాఘవయ్య. గురవమ్మ ఆ ఇద్దరికీ ఎదురుగా, కాలుతున్న బండ మీద కొంగు పరుచుకుని కూర్చునే ఉంది. సాహెబు మామ నాలుగు ఉదయాలు పోరాడాడు. గొంతు పెంచలేదు, ఎవరినీ మాట అనలేదు, మళ్ళీ మళ్ళీ అదే అడిగాడు. చివరికి వచ్చింది సగం ఒప్పందం. గూడెం వాళ్ళు కూర్చోవచ్చు. రెండూళ్ళూ మిగతా పద్ధతులన్నీ తేల్చుకునేదాకా మాట్లాడకూడదు. ఇది తొమ్మిదో నియమం. నేను కింద గీత కూడా గీశాను.

ఆ రోజు తిరిగి వస్తూ ఆయన గురవమ్మతో, "కూచోనిచ్చారు గదమ్మా, మాటా వస్తుందిలే" అన్నాడు.

"వానొచ్చేలోపు వస్తుందా సాయిబన్నా?" అంది ఆమె. ఆయన పడమటి వైపు ఆకాశం చూశాడు.

పదకొండో ఉదయానికి తేలాల్సిన పద్ధతి ఒక్కటే మిగిలింది, కాగితం మీద ముందు వేలిముద్ర ఎవరిదన్నది. కాగితాన్ని గుండ్రంగా కత్తిరించి, చుట్టూ వేయిద్దామని మామ ఆలోచన. ఆ మర్నాడు గూడెం పొలాల సంగతి ఎత్తాలి. అంతలో రాఘవయ్య మేనల్లుడు, నరసరావుపేటలో చదువుకునేవాడు, లేచి నిలబడ్డాడు. "గూడెం ఇవతలి కొస నుంచి ఇక్కడికి మేం కొలిచాం. మా ఊరికంటే పన్నెండు గొలుసులు తక్కువొచ్చింది" అన్నాడు.

అతను చెప్పింది నిజం. రెండూళ్ళకూ నేను చావిడి దగ్గర నుంచి కొలిచాను. గూడెంలో చావిడి లేదు. కాలిపోయాక నిలబడి ఉన్నది అవతలి చివర బావి ఒక్కటే. గుర్తు స్థిరంగా ఉండాలని మాకు నేర్పారు. బావి దగ్గర నుంచి కొలిచాను. అది ఫీల్డు బుక్కులో రాసుకున్నాను గానీ ఎవరికీ చెప్పలేదు. చెప్పాలని తోచలేదు. ఇప్పుడు చెప్పాను.

"అంటే మాకు ఊరి నడుమ నుంచి, వాళ్ళకి ఊరి చివర్నుంచా? వాళ్ళని దగ్గర చేసుకుందామనేగా?" అన్నాడు వెంకయ్య. రాఘవయ్య తల ఊపాడు. "సాయిబు చానా మంచోడనుకున్నాం."

నేను లేవబోతుంటే మామ నా భుజం నొక్కి కూర్చోబెట్టాడు. "తప్పు నాది. కొలిపించింది నేను. రేపే మళ్ళీ కొలుస్తాం" అన్నాడు.

అప్పుడు గురవమ్మ మాట్లాడింది. ఆ బండ మీద ఆమె గొంతు వినడం అదే మొదటిసారి. "అయ్యా, గూడెంలో ఎవరున్నారని కొలిచారు? మేం మాచర్ల టేషను నుంచి నడిచొస్తన్నాం గదా."

మాచర్ల నుంచి ఆ బండకు ఏడు మైళ్ళు. పదకొండు రోజులు వాళ్ళు ఆ ఏడు మైళ్ళూ నడిచి వచ్చారు, నడిచి పోయారు. అందరికంటే ముందు వచ్చేవాళ్ళు కూడా వాళ్ళే.

"ఆమెకి వంతు రాలేదు" అన్నాడు వెంకయ్య. "రాలేదు" అన్నాడు రాఘవయ్య. నా పెన్సిలు కాగితం మీదే ఉంది. తొమ్మిదో నియమం గుర్తొచ్చి ఎత్తేశాను. ఆ ఉదయం సాహెబు కర్ర చప్పుడు కోసం ఎవరూ ఆగలేదు. ఎవరికి వాళ్ళు లేచి, తమ తమ కర్రలు తీసుకుని పోయారు.

మేమిద్దరం మళ్ళీ కొలిచాం, ఈసారి గూడెం నడిమి నుంచి. సమదూరపు చోటు కొంచెం జరిగింది. అక్కడ మేకు దిగకపోతే రాళ్ళు పేర్చాం. మామ మూడు రోజులు తెల్లవారగానే పోయి ఆ రాళ్ళ దగ్గర కూర్చున్నాడు. నీళ్ళకుండ తనే మోసుకుపోయాడు. గూడెం వాళ్ళు తప్ప ఎవరూ రాలేదు. నాలుగో రోజు వాన పడింది.

ఆ వారంలోనే పై ఊరివాళ్ళు వాగుకు ఇటు, కింది ఊరివాళ్ళు అటు గూడెం నేలలు దున్నుకుని విత్తారు. నడుమ గెట్టు రాయి కూడా పాతుకున్నారు. ఎక్కడ కూర్చున్నారో, ఎవరు ముందు మాట్లాడారో, ఎవరి నీళ్ళు తాగారో నాకు తెలియదు. ఒక్క ఉదయంలో తేలిపోయిందట. గురవమ్మ, మిగతావాళ్ళు గోనె పట్టాలు విప్పుకుని కృష్ణ దాటి అవతలి ఊళ్ళకు కూలికి పోయారు. పోయే ముందు సాహెబు మామ ఇంటికి వచ్చారు. ఆ సమయానికి నేను ఇంట్లోనే ఉన్నాను. గోడ అవతల వాళ్ళ గొంతులు వినిపించాయి. నేను బయటికి రాలేదు.

ఆ చలికాలం ఆయన మంచం పట్టాడు. రోజూ పోయి కూర్చునేవాణ్ణి. తప్పు నీదని ఆయన ఒక్కసారి కూడా అనలేదు, అంటే బాగుండేది. ఒక మధ్యాహ్నం కళ్ళు తెరిచి, "అబ్బాయ్, ఆ రోజు గురవమ్మ అన్న మాట రాశావా?" అని అడిగాడు.

"లేదు మామా. ఆమెకి అప్పటికింకా వంతు రాలేదు గదా."

ఆయన నావైపు చూశాడు. కోపం లేదు. నాకు మొదటి గెట్టు కొలిపించిన రోజు చూసిన చూపు కూడా కాదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. తర్వాత బతికిన తొమ్మిది రోజుల్లో నాతో అన్నం గురించి, మందు గురించి మాత్రమే మాట్లాడాడు.

ఇప్పుడు నేను రోడ్లకూ కాలువలకూ కొలతలు తీస్తూ పంచాయితీల్లో కూర్చోవలసి వస్తుంటుంది. చివర నిలబడి, వంతు లేకుండా ఎవరైనా ఒక మాట అంటే రాసుకుంటాను. వాళ్ళ పేరు అడుగుతాను, ఎక్కడి నుంచి నడిచి వచ్చారో అడుగుతాను, అది కూడా రాస్తాను. అలాంటి పేజీలు మూడు పుస్తకాలయ్యాయి. వాటిని ఎవరూ ఒక్కసారైనా చూపించమనలేదు. వాటివల్ల ఎవరికీ ఒక్క సెంటు నేల తిరిగి రాలేదు.