ముందు అమ్మోరికి

మామ పోయాడని నిన్న ఫోన్ వచ్చింది. ఏడుపు కంటే ముందు నాకు ఆయన మీద విసుగొచ్చింది.

కువైట్‌లోని వఫ్రాలో ఒక అరబ్బు తోటలో ఇద్దరం కీరదోస కోసేవాళ్ళం. కాపు మొదలైన ప్రతిసారీ ఆయన తొలికాయకు పసుపు పూసి గట్టున పెట్టి, "ముందు నువ్వు తిను తల్లీ" అనేవాడు. ఆ తర్వాతే కోత. ఫోర్‌మన్ దాన్ని చేతబడి అనుకున్నాడు. ఇంకోసారి కనబడితే ఇంటికి పంపిస్తానన్నాడు.

"మామా, పసుపొక్కటి మానెయ్. పిట్ట పడేసిందనుకుంటారు" అన్నాను.

"మొక్కేది నేనైతే పిట్ట పేరు చెప్పేదేందిరా?" అని నవ్వాడు.

మరుసటి కాపుకు మళ్ళీ పెట్టాడు. ఫోర్‌మన్ ఆ కాయను తాకకుండా దూరం నుంచే చూపించి, ఎవరి పని అని హిందీలో అరిచాడు. కూలీలందరం తల వంచుకున్నాం. ఆయనా వంచుకుని ఉంటే ఆ పూట గడిచిపోయేది.

"నేనే పెట్టినా సాబ్, మా అమ్మోరికి" అంటూ చెయ్యెత్తాడు.

"ఖలాస్" అన్నాడు ఫోర్‌మన్.

ఊళ్ళో ఆయనకు సెంటు భూమి లేదు. తిరిగి వెళ్ళాక కడపలో ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్‌గా చేరాడు. అమ్మోరికి పెట్టడానికి ఒక్క కాయా పండని చోట, సిమెంటు మెట్ల మీద పోయాడు.