రుద్రవరం దారిలో పసుపుకోటు ఆఫీసరు

తొలి ఉద్యోగం చేసే ఆ రోజుల్లో నాకు అన్నిటికన్నా కష్టంగా తోచిన పని ఆదివారం గడపడం. మాది విజయనగరం వైపు. నంద్యాలలో ఒక విత్తనాల కంపెనీలో లెక్కలు చూసే పని దొరికింది. వారమంతా ఆఫీసులో ఎవరో ఒకరు ఏదో ఒక కాగితం కోసమైనా పలకరించేవారు. ఆదివారం నాడు మాత్రం పొద్దున టిఫిన్ బండి దగ్గర "ఇడ్లీ ఇవ్వండి" అన్నదే నా మొదటి మాట, రాత్రి మెస్సులో "చాలండి" అన్నదే చివరి మాట. మధ్యలో ఊరంతా నడిచేవాణ్ణి. ఒంటరిగా నడిచేవాణ్ణి చూస్తే జనానికి జాలి కలుగుతుంది. అదే ఒంటరిగా సైకిలు తొక్కేవాణ్ణి చూస్తే వ్యాయామం అనుకుంటారు. ఈ సంగతి తట్టిన మర్నాడే గేరు సైకిలు కొన్నాను.

కొన్నాక ఫోనులో వీడియోలు చూసి పండితుణ్ణయిపోయాను. పెడలు కిందికి వచ్చినప్పుడు దాని మీద మడమ ఆనిస్తే కాలు నిటారుగా సాగాలి, సీటు అంత ఎత్తులో ఉండాలి (తగ్గితే మోకాళ్ల నొప్పి, పెరిగితే నడుము నొప్పి). కంకర మీద ముందు బ్రేకు ఒక్కటే పట్టకూడదు. కుడివైపు అద్దం ఉండాలి. వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలుగుతుండాలి. ఇవన్నీ చెప్పడానికి మనిషి లేక సైకిలుకే చెబుతూ బిగించాను. హెల్మెట్టు, చేతితొడుగులు, చీకట్లో మెరిసే పసుపుపచ్చ కోటు తగిలించుకుని గాలి కొట్టించడానికి వెళితే, షాపు భాయ్ నా చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"యాడికి పోతాండావన్నా, యుద్ధానికా?"

"ఆళ్లగడ్డకు."

"పోయి ఏం చేస్తావ్?"

"తిరిగొస్తాను" అన్నాను. అంతకుమించి నాకూ తెలియదు.

దారి కూడా పద్ధతిగానే ఎంచాను. ఆళ్లగడ్డకు హైవే సూటిగా పోతుంది గానీ, లారీ పక్కనుంచి పోయినప్పుడల్లా ఆ గాలికి సైకిలు వణుకుతుంది. అందుకని తెల్లవారుతూనే బయల్దేరి, శిరివెళ్ల దాకా హైవే అంచునే పోయి, అక్కడ ఎడమకు తిరిగి రుద్రవరం మీదుగా వెళ్లడం మేలని నిర్ణయించుకున్నాను. దూరం పెరుగుతుంది. నాకు కావలసిందీ అదే. ఎడమచేతి వైపు నల్లమల కొండలు తోడు వస్తాయి (కొండలు మాట్లాడవు, కానీ నన్ను దాటి ముందుకూ పోవు).

రుద్రవరం ఇంకా రాలేదు. ఒక పల్లె దగ్గర టీ కొట్టు ముందు కూర్చున్న మీసాల పెద్దాయన లేచి, చెయ్యి అడ్డంపెట్టి నన్ను ఆపాడు.

"వచ్చినావా సారూ. ఎన్నాళ్ల సంది చూస్తాండామో. రోడ్డు ఎప్పుడేస్తారు?"

నేను రోడ్ల ఆఫీసు మనిషిని కాదనీ, విత్తనాల కంపెనీలో లెక్కలు రాస్తాననీ చెప్పాను.

"మరి ఈ కోటేంది?"

"సేఫ్టీకి."

"ఎవరి నుంచి?"

దానికి వీడియోల్లో జవాబు లేదు. ఈలోగా చుట్టూ జనం చేరారు. సెలవు రోజు కాబట్టి సరదాగా తొక్కుతున్నానంటే ఒక్కరూ నమ్మలేదు. "జీతం లేకుండా ఈ ఎండలో ఎవరన్నా తొక్కుతారాప్పా" అని ఎవరో అంటే అందరూ తలాడించారు. చివరికి పెద్దాయన నా మొహం కేసి బాగా చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"నీకు ఇంట్లో మనుషులు లేరా నాయనా?"

ఉన్నారు, అయితే చాలా దూరంలో ఉన్నారు అని చెప్పాలి. చెప్పే బదులు హెల్మెట్టు తీసి తుడుచుకోసాగాను. అప్పుడు నమ్మారు నేను ఆఫీసరును కానని. ఒక్కొక్కరే నిరాశగా వెళ్లిపోయారు. టీ కొట్టు అక్క మాత్రం వేడి టీ చేతికిచ్చి, "ఆఫీసరువు కాకపోతే కాకపోతివి, చూసి పో" అంటూ కొంచెం దూరంలో ఉన్న కల్వర్టు దగ్గరికి తీసుకెళ్లింది. ఒక పక్క పిట్టగోడ కూలిపోయింది. కింద బండరాళ్లు.

"మా ఇంటాయన ఈడనే పడినాడు. పాలు పోసి మసక చీకట్లో సైకిల్ మీద వస్తా. కాలు ఇరిగింది, మంచం మీద ఉండాడు. ఈ కొట్టు నేను చూసుకుంటాండా."

నాకు చాతనైన పని ఒక్కటే కనిపించింది. ఒంటి మీది కోటు విప్పి, మిగిలిన గోడరాయికి చుట్టి గట్టిగా కట్టాను. ఏ బండి లైటు పడినా దూరం నుంచే మెరుస్తుంది. ఆమె కాసేపు దాన్ని చూసి, "బాగుంది, దిష్టిబొమ్మ మాదిరి" అంది.

కొట్టు వెనకే ఇల్లు. మంచం మీది మనిషి నా సైకిలు చూడగానే దాన్ని లోపలికి తెప్పించాడు. బ్రేకు నొక్కి చూశాడు, గేరు మార్చి వెనక చక్రం తిప్పి చూశాడు. "కూచోప్పా. వచ్చినోళ్లందరూ కాలెట్లుందని అడిగి పోతారు. సైకిల్ ముచ్చట ఎవరూ మాట్లాడరు" అన్నాడు. ఆహా, ఎన్నాళ్లకు దొరికాడు ఈ మహానుభావుడు. సీటు ఎత్తు దగ్గర మొదలుపెట్టి, వెనక లైటు, పాలక్యాన్లు రెండు వైపులా సమంగా కట్టవలసిన తీరు దాకా ఊపిరి తీయకుండా చెప్పాను. ఆయన విన్నాడు, నాతో వాదించాడు, మధ్యలో జొన్నరొట్టె పెట్టించాడు. ఆ పూట ఆళ్లగడ్డ చేరేసరికి పొద్దు వాలిపోయింది. కోటు లేకుండా చీకట్లో తొక్కడం నా సూత్రాలకు విరుద్ధం కాబట్టి, సైకిలును ఉల్లిగడ్డల బొలేరోలో వేసుకుని నంద్యాల చేరాను.

ఇక ప్రతి ఆదివారం అటే. నంద్యాల నుంచి ఆయన సైకిలుకు అద్దమో, వెనక లైటో, కొత్త బ్రేకు రబ్బరో పట్టుకెళ్లి, ఆయన మంచం మీదనుంచి అజమాయిషీ చేస్తుంటే నేను బిగించేవాణ్ణి. వారమంతా మాటలు దాచుకుని అక్కడ ఖర్చుపెట్టేవాణ్ణి. ఆయన కాలి కట్టు విప్పారు. కర్ర పట్టుకుని నడిచాడు. కర్ర వదిలేశాడు. ఒక ఆదివారం నా కళ్లముందే తన సైకిలెక్కి, కల్వర్టు దాకా పోయి, గంట కొట్టుకుంటూ తిరిగొచ్చాడు. పల్లెంతా నవ్వుతూ చూసింది, నేనూ చప్పట్లు కొట్టాను. కొడుతుండగానే లోపల ఏదో ఖాళీ అయినట్టయింది. ఒక మనిషి కాలు బాగుపడితే దిగులుపడే దుర్మార్గుణ్ణి నేనొక్కణ్ణేనేమో అనిపించింది.

బయల్దేరుతుంటే అక్క గుమ్మం దాకా వచ్చి, "ఆయప్ప తిరుగుతాండాడు గదా. ఇంగ నువ్వు అంత దూరం నుంచి ఎండలో తొక్కుకుంటా రావల్సిన పన్లేదులే నాయనా" అంది.

సరేనని తలూపాను. పని అయిపోయిందన్నమాట, ఇక రావద్దనే కదా. ఆ తర్వాతి ఆదివారం అలవాటుగా తెల్లవారుతూనే లేచి, టైర్లలో గాలి చూసి, గొలుసుకు నూనె వేసి, సైకిలును మళ్లీ గోడకు ఆనించాను. ఆమె మాటకు అర్థం ఎవరినైనా అడగవలసింది. అడగడానికి నంద్యాలలో నాకెవరున్నారు? కొన్నాళ్లకు బదిలీ అయింది, మళ్లీ అటు వెళ్లనేలేదు.

ఈమధ్య నంద్యాల వైపు సంజామల మనిషి ఒకాయన మా ఆఫీసులో చేరాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఈ కథంతా చెప్పి, ఆమె మాటలు ఆమె అన్నట్టే అని వినిపించి, అంత ఆప్యాయంగా ఉన్నవాళ్లు అలా ఎందుకన్నారంటావని అడిగాను. ఆయన పెరుగన్నం కలుపుతూ తలెత్తకుండానే జవాబిచ్చాడు.

"ఎందుకేందన్నా? ఎండకు సైకిల్ మీద కష్టపడొద్దు, ఆయప్ప తిరుగుతాండాడు గదా, ఎదురొచ్చి తోడుకపోతాడు, బస్సులో రా అని."

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే, సగం తిన్న క్యారియరు మూత పెట్టేశాను. సైకిలు గురించి అన్నీ తెలిసిన ఆ కుర్రవాడికి, పాపం, బస్సు సంగతి తట్టనేలేదు.